డెలివరీ కార్మికులు, కార్మిక సంఘం: కర్నూలు, కడప నేపథ్యం

హోటల్ భోజనం, కిరాణా సరుకులు, మందులు, బట్టలు, ఫోన్లు కొన్నవారి గడపకు చేర్చి, చేర్చిన లెక్కన కూలి తీసుకునేవారు డెలివరీ కార్మికులు. వీరు కార్మిక సంఘంలో చేరాలా, చేరితే ఒరిగేదేమిటి, ఏ తీరు సంఘం కావాలి అన్న చర్చ తెలుగు రాష్ట్రాల్లో 2020 తరువాత గట్టిపడింది. హైదరాబాదులో వేడెక్కిన ఆ చర్చ రాయలసీమ పట్టణాలకు ఆలస్యంగా చేరింది. కర్నూలు, కడప నగరాలను దృష్టిలో పెట్టుకుని ఈ పని స్వభావాన్ని, దానికి వర్తించే చట్టాలను, ఇలాంటి పనుల్లో ఇదివరకు జరిగినదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చేరాలన్నదే వ్యాసకర్త అభిప్రాయం. అందుకు ఆధారాలు హైదరాబాదులో కొన్ని ఉంటే, ఆదోని మార్కెట్ యార్డులో, పల్లె పోస్టాఫీసులో అంతకు ముందునుంచే ఉన్నాయి.

పని, కూలి, ఎండ

తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు జనాభా 2011 నాటికే నాలుగు లక్షలు దాటింది. పాలకొండల కింద ఉన్న కడప జనాభా అప్పటికి మూడున్నర లక్షల దరిదాపు. రెండూ నగరపాలక సంస్థలే అయినా, చుట్టూ ఉన్నది వానను నమ్ముకున్న పొలం. వేరుశనగ, పత్తి, ఉల్లి ధరలు తలకిందులైన ఏడాది కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే గుంటూరు మిరప కోతకో, బెంగళూరు కట్టడం పనులకో పోవడం కర్నూలు జిల్లాలో అందరికీ తెలిసిన సంగతి. ఊరు విడవలేని కుర్రవాడికి, డిగ్రీ చేతపట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాడికి, రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో చదువుకుంటూ ఖర్చులు చూసుకునేవాడికి బండి, ఫోను, లైసెన్సు ఉంటే చాలు దొరికే పని డెలివరీ. అందుకే దీన్ని తేలిక మాటలతో కొట్టిపారేయడం తప్పు. ఈ పని చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగిస్తోంది.

ఈ పనిలో మూడు రకాలున్నాయి. మొదటిది కొరియర్, పార్సిల్ పని. ఉదయం హబ్బుకు వెళ్ళి, సంచి నింపుకుని, తన పరిధిలోని వీధులన్నీ తిరిగి, సాయంత్రానికి నగదు అప్పజెప్పాలి. కొందరికి నెల జీతం, ఎక్కువమందికి పార్సిల్‌కు ఇంత. మధ్యలో ఫ్రాంచైజీదారో కాంట్రాక్టరో ఉంటాడు. రెండోది స్విగ్గీ, జొమాటో వంటి ఆప్‌ల ద్వారా భోజనం చేర్చే పని. ఇక్కడ మనిషి కనిపించే యజమాని ఉండడు. ఆర్డరు ఇచ్చేది, దారి చూపేది, కూలి లెక్కగట్టేది, తప్పు పట్టేది అన్నీ ఫోనే. మూడోది నిమిషాల్లో సరుకు చేర్చే కొత్త వ్యాపారం. పెద్ద నగరాల్లో వేళ్ళూనుకున్న ఈ పద్ధతి చిన్న నగరాల వైపు విస్తరిస్తోంది.

కూలి లెక్క బయటివారికి ఒక పట్టాన అర్థం కాదు. ఆర్డరుకు ఒక కనీస మొత్తం, దూరానికి కొంత, వేచి ఉన్నందుకు కొంత, రోజుకు లేదా వారానికి నిర్ణయించిన సంఖ్య దాటితే ఇన్సెంటివ్. ఆ సంఖ్య ఎప్పుడు మారుతుందో, ఎందుకు మారుతుందో ముందుగా చెప్పే ఆనవాయితీ లేదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పెట్రోలు లీటరు 109 రూపాయలు, బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు దాదాపు రెండు రూపాయల నలభై పైసలు. కర్నూలు రాజ్‌విహార్ సెంటరులోని హోటలు చేరడానికి ఒక కిలోమీటరు, అక్కడి నుంచి కల్లూరు వైపు ఒక కాలనీకి నాలుగు, ఖాళీగా తిరిగి రావడానికి నాలుగు. మొత్తం తొమ్మిది కిలోమీటర్లకు పెట్రోలే దాదాపు 22 రూపాయలు. ఆ ఆర్డరుకు 35 రూపాయలు వచ్చాయనుకుంటే చేతిలో మిగిలేది 13. అందులోంచే టైర్లు, ఆయిలు, బండి వాయిదా, ఫోను రీచార్జి. తిరుగు ప్రయాణానికి డబ్బు కట్టించుకోవడం అన్న ఒక్క కోరిక ఎందుకంత ముఖ్యమో ఈ లెక్క చెబుతుంది. పెద్ద నగరంలో దిగిన చోటే మరో ఆర్డరు పడవచ్చు. కర్నూలులోనో కడపలోనో ఊరి అంచుకు పోయినవాడు ఖాళీ బండితో మళ్ళీ ఏడు రోడ్ల కూడలికో, కొండారెడ్డి బురుజు దగ్గరికో రావలసిందే.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలు రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో తరచుగా పై వరుసలో ఉంటాయి. 43, 44 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు. వడగాడ్పులున్నాయి, మిట్టమధ్యాహ్నం బయటికి రావద్దని విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిస్తుంది. సరిగ్గా ఆ హెచ్చరిక వల్లే ఇంట్లో ఉన్నవారు భోజనం తెప్పించుకుంటారు. పన్నెండు నుంచి మూడు దాకా ఉండేదే మధ్యాహ్నపు రద్దీ, ఇన్సెంటివ్ గంటలూ అవే. బిర్యానీ హోటలు ముందు నీడ ఉన్న రెండడుగుల మేర బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. హెల్మెట్ తీస్తే తల మీద ఎండ, పెట్టుకుంటే ఉక్క. వీపున ఉన్న సంచిలో వేడి తగ్గకుండా భోజనం, దాన్ని మోసేవాడి చేతిలో పొద్దున నింపుకున్న బాటిల్‌లో కాగిన నీళ్ళు. "అన్నా, లొకేషన్ తప్పు పెట్టినారు" అని ఫోన్‌లో చెబుతూనే ఇంకో వీధి తిరగాలి. లాగౌట్ అయితే ఇన్సెంటివ్ పోతుంది, ఆగితే రేటింగ్ పోతుంది. వడదెబ్బకు సెలవు లేదు, ఆ రోజు కూలి లేదు.

దెబ్బ తగిలితే పరిస్థితి ఇంతకన్నా కష్టం. కంపెనీలు ప్రమాద బీమా ఇస్తున్నాయి, దాన్ని కాదనలేం. కానీ షరతులు, కాగితాలు, లాగిన్‌లో ఉన్నాడా లేడా అన్న పేచీలు దాటుకుని ఆ డబ్బు తెచ్చుకోవడం కాలు విరిగి కర్నూలు సర్వజన వైద్యశాలలో పడుకున్నవాడి వల్ల అయ్యే పని కాదు. ఆస్పత్రికీ కంపెనీకీ పోలీస్ స్టేషనుకూ తిరిగే మనిషి ఒకడు కావాలి. సంఘం అవసరం చాలామందికి మొదట తెలిసివచ్చేది అక్కడే.

హక్కు పుట్టిన తీరు

కార్మిక సంఘం అన్న హక్కుకు సీమ చరిత్రతో సంబంధం ఉంది. కర్నూలు, కడప మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో, 1918 ఏప్రిల్ 27న మద్రాసులో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దేశంలో పద్ధతి ప్రకారం నడిచిన తొలి సంఘాల్లో అది ఒకటి. దానికి నాయకుడు బి.పి. వాడియా. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల వివాదంలో యజమానులైన బిన్నీ కంపెనీ కోర్టుకెక్కి, సమ్మెకు ప్రోత్సహించడమే నేరమన్నట్టు వాడియా మీద నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. కూలీలు కూడబలుక్కుంటే కుట్ర, నాయకుడు మాట్లాడితే నష్టపరిహారం అన్న ఆ స్థితిని మార్చాలని ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు. ఫలితం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. నమోదైన సంఘం న్యాయబద్ధంగా చేసే ఉమ్మడి చర్యను క్రిమినల్ కుట్రగా చూడకుండా, దావాలు వేయకుండా ఆ చట్టం రక్షణ ఇచ్చింది. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం సంఘాలు పెట్టుకునే హక్కును ప్రాథమిక హక్కు చేసింది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1926 చట్టం పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయింది. కొత్త కోడ్ ప్రకారం కూడా ఏడుగురు కలిసి సంఘం నమోదుకు దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేసేవారిలో పది శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. డెలివరీ కార్మికులకు పనికివచ్చే అంశం ఇంకొకటి ఉంది. సంఘాలకు సంబంధించిన అధ్యాయం వరకు, 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టంలోని నిర్వచనాన్ని కూడా కోడ్ కలుపుకుంది. ఆ నిర్వచనంలో స్వయం ఉపాధి కార్మికుడూ ఉన్నాడు. "మీరు ఉద్యోగులు కారు, భాగస్వాములు" అని కంపెనీ అన్నంత మాత్రాన సంఘం పెట్టుకునే దారి మూసుకుపోదు.

మూసుకుపోయేది వేరే తలుపు. పనిలోంచి తీసేస్తే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు పోవడం, కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఇవన్నీ ఉద్యోగికి దఖలు పడిన హక్కులు. సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడిని సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించుకునే మనిషిగా నిర్వచించింది. అందువల్ల హబ్బులో జీతానికి పనిచేసే కొరియర్ కార్మికుడు, ఆప్ మీద పనిచేసేవాడు ఒకే వీధిలో ఒకే ఎండలో తిరుగుతున్నా, చట్టం ముందు వేరువేరు. మొదటివాడు పారిశ్రామిక వివాదం లేవనెత్తగలడు, పద్నాలుగు రోజుల నోటీసు ఇచ్చి సమ్మె చేయగలడు. రెండోవాడికి బేరమాడే బలం ఉంటే తప్ప మరో దిక్కు లేదు. సంఘం అవసరం రెండోవాడికే ఎక్కువ అనడానికి కారణం ఇదే.

ఉత్తరం మోసినవాళ్ళు, బస్తా మోసినవాళ్ళు

"యజమాని లేడు, జీతం లేదు, గంటకో సరుకుకో లెక్క, ఇలాంటి పనికి సంఘమేమిటి?" అన్న ప్రశ్న తరచు వినపడుతుంది. ఈ ప్రశ్నకు సీమలోనే జవాబుంది.

ఆదోని రాష్ట్రంలోనే పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. కర్నూలు యార్డు ఉల్లికి పేరు. ఈ యార్డుల్లో బస్తా దించే, ఎత్తే, కాటా వేసే హమాలీ ఏ ఒక్క వ్యాపారికీ ఉద్యోగి కాడు. పొద్దున ఒక కొట్టు, మధ్యాహ్నం ఇంకో కొట్టు. కూలి బస్తాకు ఇంతని. సరుకు రాని రోజు కూలి చేతికి రాని రోజే. డెలివరీ కార్మికుడి గురించి ఈరోజు కొత్తగా చెబుతున్న లక్షణాలన్నీ హమాలీకి ముందునుంచీ ఉన్నాయి. అయినా ఏఐటీయూసీ, సీఐటీయూ వంటి సంస్థల కింద హమాలీ సంఘాలు రాష్ట్రమంతటా నిలబడ్డాయి. ఏ వ్యాపారి ఎంతిచ్చాడన్న విడి బేరం పోయి, వ్యాపారుల సంఘంతో కూర్చుని బస్తా రేటు ఒప్పందం చేసుకునే పద్ధతి వచ్చింది. మహారాష్ట్ర ఇంకో మెట్టెక్కింది. 1969లో మాథాడి, హమాల్, ఇతర శారీరక కార్మికుల చట్టం తెచ్చి బోర్డులు పెట్టింది. వ్యాపారి కూలితోపాటు లెవీ కూడా బోర్డుకు కడతాడు. బోర్డు కార్మికుడికి కూలి, భవిష్యనిధి, వైద్యం చూస్తుంది. యజమాని ఒక్కడు కాకపోయినా భద్రత కల్పించవచ్చని అర్ధ శతాబ్దం కిందటే రుజువైంది. ఈనాటి గిగ్ చట్టాల్లోని సంక్షేమ రుసుము ఆలోచనకు మూలం అక్కడే ఉంది.

రెండో ఉదాహరణ పల్లె పోస్టాఫీసు. ఉత్తరం, మనియార్డరు ఇంటింటికి చేర్చిన ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) పోస్ట్‌మన్ ఈ దేశంలో అసలైన తొలి డెలివరీ కార్మికుడు. శాఖలో పనిచేస్తాడు గాని శాఖ ఉద్యోగి కాడని ప్రభుత్వం ఏళ్ళ తరబడి వాదించింది. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు, వీరు నిర్వహించేది సివిల్ పోస్టేనని, రాజ్యాంగంలోని 311 అధికరణం రక్షణ వర్తిస్తుందని తేల్చింది. తీర్పు వచ్చింది గాని జీతం పెరగలేదు. గ్రామీణ డాక్ సేవకులుగా పేరు మారినా భత్యం భత్యంగానే మిగిలింది. తమ భత్యాలపై వేసిన కమలేశ్ చంద్ర కమిటీ సిఫారసులు అమలు చేయాలని 2018 మే 22న దేశవ్యాప్తంగా వీరు సమ్మెకు దిగారు. రెండు వారాలకు పైగా పల్లెల్లో టపా ఆగింది. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం కొత్త భత్యాలు ఆమోదించింది. నెలకు 2,295 రూపాయల దాకా వచ్చేవారి భత్యం 10,000కు పెరిగింది. లబ్ధి పొందినవారు సుమారు 3.07 లక్షలు. కోర్టు తీర్పుకూ జేబులో పడిన డబ్బుకూ మధ్య నాలుగు దశాబ్దాలు గడిచాయి. ఆ దూరాన్ని దాటించింది సంఘం. డెలివరీ కార్మికులు కోర్టు తమను ఉద్యోగులని ప్రకటించేదాకా ఆగుదామనుకుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాదు అనుభవం

తెలుగునాట ఆప్ కార్మికులు సంఘటితం కావడం హైదరాబాదు కేంద్రంగా సాగింది. షేక్ సలావుద్దీన్ నాయకత్వంలోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్, జాతీయస్థాయిలో 2019లో ఏర్పడిన ఐఫాట్ అనే ఆప్ ఆధారిత రవాణా కార్మికుల సమాఖ్య ఇందులో ముఖ్యమైనవి. క్యాబ్ డ్రైవర్లతో మొదలైన ఈ ప్రయత్నం డెలివరీ వారిని కలుపుకుంది. 2020 సెప్టెంబరులో హైదరాబాదు స్విగ్గీ కార్మికులు కనీస చెల్లింపు 35 రూపాయల నుంచి 15కు పడిపోయిందని ఆరోపిస్తూ పని ఆపారు. కరోనా నెలల్లో ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు భోజనం మోసినవారు వారే. 2021లో ఐఫాట్ సామాజిక భద్రత కోరుతూ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది.

2023 డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గిగ్ కార్మికులతో సమావేశమై, ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమా, పది లక్షల దాకా ఆరోగ్యశ్రీ ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్, సామాజిక భద్రత, సంక్షేమంపై ముసాయిదా బిల్లు వెలువడింది. సంఘం లేకుండా ఉంటే ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఎవరిని పిలవాలో కూడా ప్రభుత్వానికి తెలిసేది కాదు.

2025 డిసెంబరు 31 సమ్మె గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సంఘాన్ని ఇష్టపడేవారూ పడనివారూ ఇద్దరూ దాన్నే సాక్ష్యంగా చూపుతారు. ఐఫాట్, తెలంగాణ సంఘం క్రిస్మస్ రోజున, కొత్త సంవత్సరం ముందురోజున దేశవ్యాప్తంగా లాగౌట్ కావాలని పిలుపునిచ్చాయి. పది నిమిషాల డెలివరీ ఆపాలి, ఐడీలు ఇష్టం వచ్చినట్టు బ్లాక్ చేయవద్దు, కూలి పెంచాలి అన్నవి కోరికలు. లక్షకు పైగా కార్మికులు పాల్గొన్నారని సంఘాలు చెప్పాయి. కంపెనీలు ఆ సాయంత్రానికి చెల్లింపు పెంచాయి. రద్దీ గంటల్లో ఆర్డరుకు 120 నుంచి 150 రూపాయల దాకా ఇస్తామన్న ప్రకటన వచ్చింది. జొమాటో, నిమిషాల్లో సరుకు చేర్చే బ్లింకిట్ కలిపి ఆ రోజు 75 లక్షలకు పైగా ఆర్డర్లు చేర్చాయని వాటి అప్పటి అధినేత దీపిందర్ గోయల్ ప్రకటించారు. అంటే వ్యాపారం ఆగలేదు. సమ్మె విఫలమని చాలామంది అన్నారు. తరువాత రెండు వారాలకు కేంద్ర కార్మికశాఖ మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడారు. పది నిమిషాల హామీని బ్లింకిట్ తన ప్రచారంలోంచి తీసేసింది. వ్యాపారం ఆపలేని సమ్మె ఒక ప్రచార వాక్యాన్ని, దాని వెనకున్న తొందరను దేశమంతా ప్రశ్నించేట్టు చేసింది. ఆ ఒక్క సాయంత్రం రేటు పెరిగిందంటే, పెంచే స్తోమత కంపెనీకి ఉన్నదనీ, పని ఆగిపోతుందన్న భయమే పెంచించిందనీ సమ్మె చేయనివారికి కూడా అర్థమై ఉండాలి.

వద్దనేవారి మాట

సంఘం వద్దనేవారి కారణాలన్నీ కంపెనీలు నేర్పిన మాటలు కావు. కార్మికుల నోటే వినవచ్చే కారణాల్లో బలమైనది భయం. ఐడీ బ్లాక్ అయితే రేపటి నుంచి పని లేదు, ఎవరిని అడగాలో తెలియదు. చిన్న ఊళ్ళో ఈ భయం ఇంకా పెద్దది. కర్నూలు జోన్‌లో ముందు నిలబడి మాట్లాడినవాడు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. దీనికి ధైర్యవచనాలు సమాధానం కావు. నమోదైన సంఘం, ఆఫీసు బేరర్ల జాబితా కార్మిక శాఖ దగ్గర ఉండటం, ఫిర్యాదు మనిషి పేరున కాకుండా సంఘం పేరున పోవడం కొంత రక్ష. కర్ణాటక 2025 చట్టం ఐడీ తొలగింపుకు రాతపూర్వక కారణం, 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. అలాంటి నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చేదాకా భయం పూర్తిగా పోదని ఒప్పుకోవాలి.

రాజకీయ పార్టీల భయం మరొకటి. సీమలో సంఘమంటే ఏదో ఒక జెండా, జెండా అంటే ఎదుటి జెండాతో తగవు అన్న అనుభవం జనానికి ఉంది. ఇది కొట్టేయదగ్గ మాట కాదు. ఎన్నికలప్పుడు ర్యాలీకి బండ్లు పంపించే సంఘం కార్మికుడికి అక్కరలేదు. అయితే ఏఐటీయూసీ, సీఐటీయూ వంటి కేంద్ర కార్మిక సంఘాల అనుభవం, వకీళ్ళు, కార్యాలయాలు వాడుకుంటూనే తమ కార్యవర్గాన్ని తామే ఎన్నుకునే వీలుంది. హమాలీ సంఘాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి.

మేం కొన్నాళ్ళే చేస్తాం, ఉద్యోగం వస్తే పోతాం అనేవారు చాలామంది. రెండు గంటలు పనిచేసే విద్యార్థికి చందా ఎందుకు కట్టాలనిపించవచ్చు. రేటు తగ్గితే అతనికి కూడా తగ్గుతుంది, బండి పడితే అతనికి కూడా కాలు విరుగుతుంది. పూర్తికాలం పనిచేసేవారిని, సాయంత్రాలు మాత్రమే చేసేవారిని విడదీస్తే సంఘం ఇద్దరికీ కొరగాదు. అమెరికాలో యూపీఎస్ పార్సిల్ కార్మికులు 1997 ఆగస్టులో 15 రోజులు చేసిన సమ్మె ప్రధానంగా పార్ట్‌టైం వారి కోసమే. లక్షా ఎనభై ఐదు వేలమంది అందులో పాల్గొన్నారు, పది వేల పూర్తికాలపు ఉద్యోగాలు సృష్టించడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆ సమ్మె నడిపిన టీమ్‌స్టర్స్ సంఘం 2023లో యూపీఎస్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో, 2024 నుంచి కొనే డెలివరీ వ్యాన్లలో ఏసీ ఉండాలన్న షరతు చేరింది. ఎండ సంగతి బేరంలో పెట్టదగ్గ విషయమని కర్నూలు, కడప కార్మికులు గమనించాలి.

కోర్టులు అన్నిచోట్లా కార్మికుల వైపే మొగ్గలేదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్లను కార్మికులుగా గుర్తించింది. అదే కోర్టు 2023 నవంబరులో, భోజనం చేర్చే డెలివరూ ఆప్ రైడర్ల విషయంలో, తన బదులు మరొకరిని పంపే స్వేచ్ఛ ఉంది కాబట్టి వారు ఉద్యోగ సంబంధం కిందికి రారని, యజమాని చేత సంఘాన్ని తప్పనిసరిగా గుర్తింపజేసే హక్కు లేదని చెప్పింది. కానీ అంతకుముందే, 2022లో, జీఎంబీ అనే సంఘంతో డెలివరూ స్వచ్ఛందంగా ఒప్పందం చేసుకుని ఉంది. హోదా తేలకుండానే బేరం కుదిరింది. భారతదేశంలో అలాంటి గుర్తింపు ఇంకా దూరంలోనే ఉంది. బెంగళూరు ఐఐఐటీ పరిశోధకులు పాల్గొనే ఫెయిర్‌వర్క్ అధ్యయనాలు ఏటా ఆప్ కంపెనీలకు మార్కులు వేస్తాయి. కార్మికుల సంఘాన్ని గుర్తించే అంశంలో ఆ మార్కు సంపాదించుకోవడానికి కంపెనీలు ముందుకు రాలేదు.

ప్రభుత్వం ఇచ్చేది

నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020-21లో దేశంలో 77 లక్షలమంది గిగ్ కార్మికులున్నారని, 2029-30కి 2.35 కోట్లకు చేరతారని అంచనా వేసింది. సామాజిక భద్రతా కోడ్ వీరికోసం నిధి ఏర్పాటు చేయమంటుంది. ఆప్ కంపెనీ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతానికి మించకుండా, ఆ నిధికి కట్టాలి. ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు, గుర్తింపు కార్డు, ఆయుష్మాన్ భారత్ వైద్య సాయం కల్పిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ చెప్పింది. 2025 డిసెంబరు చివర వచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఒక కంపెనీతో అయితే ఏడాదిలో 90 రోజులు, రెండు మూడింటితో అయితే మొత్తం 120 రోజులు పనిచేసి ఉండాలన్న అర్హత ఉంది. సెమిస్టర్ సెలవుల్లో, వ్యవసాయం లేని నెలల్లో మాత్రమే లాగిన్ అయ్యే సీమ కుర్రవాళ్ళు ఈ గీతకు ఇవతలే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి ముసాయిదాల మీద అభ్యంతరం చెప్పడానికి ఒక నోరు కావాలి, ఒక్కొక్కరు రాసే ఉత్తరాలతో అది జరగదు.

రాజస్థాన్ 2023లో దేశంలో తొలి గిగ్ చట్టం చేసింది గాని అమలు నత్తనడక నడిచింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో సంక్షేమ రుసుము ఒకటి నుంచి ఐదు శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 చివరికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటితే అలంపూర్ చౌరస్తా, తెలంగాణ. ఆ గట్టున ఉన్నవారికోసం ప్రభుత్వం ప్రకటించిన ప్రమాద బీమా ఈ గట్టున లేదు. ఆదోని, మంత్రాలయం వైపు కొద్ది దూరంలోనే కర్ణాటక. రెండు వైపులా కదలిక ఉండి, మధ్యలో ఉన్న జిల్లా ఖాళీగా మిగిలింది.

పోలికకు ఆటోవాళ్ళను చూడవచ్చు. కడప అప్సర సర్కిల్‌లోనైనా, కర్నూలు సి.క్యాంప్‌లోనైనా ఆటో స్టాండు ఉన్నచోట సంఘం బోర్డు ఉంటుంది. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక బేరాలు పోయాయని ఆటో సంఘాలు రోడ్డెక్కాయి. అక్టోబరు 4న ప్రభుత్వం 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ప్రభుత్వం వాహనమిత్ర కింద 10,000 ఇచ్చేది. ఈ రెండు పథకాలూ సొంత ఆటో, టాక్సీ, మ్యాక్సీక్యాబ్ ఉన్నవారికే. అదే పెట్రోలు, అదే గుంతల రోడ్డు, అదే బీమా ఖర్చు ఉన్న డెలివరీ బైకు ఆ జాబితాలో లేదు. స్టాండు లేని పనివాడికి బోర్డు లేదు, బోర్డు లేనివాడి గోడు సచివాలయం దాకా పోలేదు.

ఇక్కడికి సరిపడే సంఘం

పది వేలమంది లాగౌట్ అయితే హైదరాబాదులో వార్త అవుతుంది. కడపలో అంతమంది ఉండరు. అందువల్ల ఒక్కో కంపెనీకి ఒక్కో సంఘం ఇక్కడ పొసగదు. స్విగ్గీ, జొమాటో, కొరియర్ హబ్బులు, గ్యాస్ బండ ఇంటికి తెచ్చేవారు, మందుల దుకాణాల బాయ్స్ అందరూ ఒకే జిల్లా సంఘంలో ఉంటేనే వందమంది సభ్యుల సంఖ్య తేలికగా దాటుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు శాఖలు కర్నూలు సంఘంలో, ప్రొద్దుటూరు, పులివెందుల శాఖలు కడప సంఘంలో ఉండవచ్చు. ఎలాగూ చాలామంది ఫోన్‌లో రెండు ఆప్‌లు ఉంటాయి. ఒకటి ఆర్డర్లు ఇవ్వని పూట రెండోదాంట్లో లాగిన్ అవుతారు. కంపెనీ వారీగా విడిపోయిన సంఘం ఆ మనిషిని రెండు ముక్కలు చేస్తుంది.

ఇలాంటి సంఘం మొదటి ఏడాదిలోనే సమ్మె జోలికి పోనక్కరలేదు. స్థానికంగా గెలవగల పనులు చాలా ఉన్నాయి. హోటళ్ళ యజమానుల సంఘంతో మాట్లాడి, ఆర్డరు కోసం నిలబడ్డవారికి నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఇప్పించడం. నగరపాలక సంస్థను అడిగి కర్నూలులో రాజ్‌విహార్, బళ్ళారి చౌరస్తా, కడపలో కోటిరెడ్డి సర్కిల్, వై జంక్షన్ వంటి చోట్ల పందిరి వేయించడం. వడగాడ్పుల హెచ్చరిక ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఆగిపోయినవారి రేటింగు, ఇన్సెంటివ్ తగ్గించవద్దని కలెక్టరు ద్వారా కంపెనీలకు లేఖ పంపించడం. రేటు కార్డు తెలుగులో, మారడానికి ముందే ఇవ్వాలని కోరడం. ప్రమాదం జరిగినప్పుడు బీమా కాగితాలు నింపి వెంట తిరిగే ఇద్దరు మనుషులను నియమించుకోవడం. ప్రతి సభ్యుడిని ఈ-శ్రమ్‌లో నమోదు చేయించడం.

నమోదుకు కావలసినవి సంఘం పేరు, నియమావళి, సభ్యుల జాబితా, ఆఫీసు బేరర్ల వివరాలు, దరఖాస్తు, రుసుము. దరఖాస్తు కార్మిక శాఖకు పెట్టాలి. చందా చిన్నదైనా రశీదు లేకుండా తీసుకోకూడదు. లెక్కలు ఏటా ఆడిట్ చేయించి శాఖకు పంపకపోతే నమోదు రద్దయ్యే అవకాశం ఉంది. చాలా చిన్న సంఘాలు పోరాటంలో ఓడి కాక, ఈ లెక్కల దగ్గర అశ్రద్ధ చేసి చచ్చిపోతాయి. కార్యవర్గంలో హబ్బు కార్మికుడు, ఆప్ కార్మికుడు ఇద్దరూ ఉండేటట్టు నియమావళిలోనే రాసుకోవడం మేలు. పారిశ్రామిక వివాదం వేయగల హక్కు మొదటివాడికి ఉంది, సంఖ్యాబలం రెండోవాడిది.